సమతుల్య రేఖ మీద తోటికోడళ్ళు

దేవాంగపిల్లి పగలంతా నిద్రపోతుంది. బడిపిల్లలు పగలంతా మేలుకుని ఉంటారు, ఉండాలని కనీసం పంతుళ్ళు కోరుకుంటారు. దేవాంగపిల్లి మా ఊరికి తూర్పున ఎద్దులకొండ మీద ఉంటుంది. బడులు మా ఊరికి పడమర టౌనులో ఉన్నాయి. ఈ సంగతులు మా ఈతమాకులపల్లెలో అందరికీ తెలుసు. వీటివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ప్రభుత్వానికి తెలిశాక మొదలైంది.

పిల్లి అని పేరే గాని అది పిల్లి కాదు. పిడికెడంత ఒళ్ళు, ఆ ఒంట్లో సగం కళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ. కొమ్మ మీద ఒక అడుగు వేసి, ఆ అడుగు గురించి కాసేపు ఆలోచించి, అప్పుడు రెండోది వేస్తుంది. దాన్ని కాపాడాలనీ, కాపాడుతున్నట్టు పిల్లలకు చూపించాలనీ ప్రభుత్వం తలచింది. మంచి తలంపే. కాని అంతకు ముందు ఎక్కడో కొండల నడుమ ఒక సంరక్షణ కేంద్రం పెడితే జంతువులు బాగానే ఉన్నాయట గాని చూడటానికి ఒక్క పిల్లవాడూ పోలేదట. ఇంకోటి బస్టాండు పక్కన పెడితే పిల్లలు విరగబడి వచ్చారట గాని ఒక్క జంతువూ నిలవలేదట. అందుకని ఈసారి ఏ పక్కకూ మొగ్గకుండా స్థలం ఎంచడానికి ఒక సంఘం వేశారు. దాని పేరు సంరక్షణా విద్యా సమతుల్య స్థల నిర్ణయ సంఘం. దాని అధ్యక్షుడు పరాంకుశం గారు.

ఆయన పటం మీద ఎద్దులకొండ దగ్గర ఒక గుండుసూది గుచ్చి, టౌను దగ్గర ఒక గుండుసూది గుచ్చి, రెంటికీ దారం కట్టి, ఆ దారాన్ని సగానికి మడిచి చూశారు. మడత మా వాకిట్లో పడింది.

ఆ పొద్దు నేనూ మా తోటికోడలు కుప్పమ్మా వాకిట్లో తిరగలి ముందు కూర్చుని రాగులు విసురుతున్నాం. జీపు దిగి పరాంకుశం గారు చేతిలో కూతపెట్టే యంత్రం ఒకటి పట్టుకుని, దాన్నే చూసుకుంటూ, ఆరబెట్టిన చింతపండు తొక్కుకుంటూ మా మధ్యకు వచ్చి నిలబడ్డారు. యంత్రం గట్టిగా కూసింది.

"అమ్మా, దయచేసి లేవండి. మీరు కేంద్రబిందువును ఆక్రమించి ఉన్నారు" అన్నారాయన.

"ఇది తిరగలి నాయినా" అంది కుప్పమ్మ.

"ఇంతకాలం తిరగలి. సమతుల్యతా సూత్రానుసారం ఇక మీదట ఇది కేంద్రబిందువు. ఈ ఆవరణ మొత్తం ప్రకృతి సంరక్షణా విద్యా కేంద్రంగా ఎంపిక చేయబడినది. అభినందనలు."

నేను పిడి వదిలి లేచాను. "సారూ, దేవాంగపిల్లి ఈడ లేదు గదా? కొండ మింద గదా ఉండేది?"

"లేదు. అదే ఈ స్థలం గొప్పతనం. జంతువు ఉన్న చోట పెడితే విద్యాశాఖ వారికి అభ్యంతరం. పిల్లలు ఉన్న చోట పెడితే అటవీశాఖ వారికి అభ్యంతరం. ఏదీ లేని చోట ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంత నిష్పాక్షికమైన స్థలం జిల్లాలో మరొకటి లేదని క్షేత్రస్థాయి పరిశీలనలో తేలినది."

"మాకుండాది అభ్యంతరం" అంది కుప్పమ్మ.

"మీరు శాఖ కాదు కదమ్మా" అన్నారు పరాంకుశం గారు ఎంతో మర్యాదగా.

మరునాడు వాకిలికి అడ్డంగా, సరిగ్గా తిరగలి మీదుగా, ఒక పచ్చ తాడు కట్టారు. తాడుకు తూర్పు సగం సంరక్షణ. అందులోకి ఎవరూ పోకూడదు, అందులో ఉన్నదాన్ని ఎవరూ చూడకూడదు. పడమటి సగం విద్య. అందులోకి అందరూ రావాలి, అందులో ఉన్నదాన్ని అందరూ చూడాలి. ఒక సగానికి ఎంత ఇస్తే రెండో సగానికీ అంతే ఇవ్వాలి, గజం ఎక్కువ కాదు, గజం తక్కువ కాదు. తూర్పున కుప్పమ్మ గది, మునగచెట్టు, రెండు కోళ్ళు పడ్డాయి. పడమర నా గది, పొయ్యి, నీళ్ళ గోలెం పడ్డాయి.

మా మామగారు ఆస్తి పంచినప్పుడు ఇదే వాకిట్లో బొగ్గుతో ఒక గీత గీశారు. ఆ ఏడే మా చిన్నమరిది అలిగి కోలారు గనులకు పోయాడు. మళ్ళీ రాలేదు. కుప్పమ్మ పెనిమిటీ నా పెనిమిటీ ఆ గీత మీద గోడ కడతామని చాలాకాలం పోట్లాడుకుని, గోడ కట్టకుండానే ఒకరి వెనక ఒకరు కన్నుమూశారు. మిగిలింది మేమిద్దరం. గీత చెరిపేసింది మేమే, అలికి అలికి. అందుకని ఎవరైనా ఏదైనా సగానికి విడగొడుతుంటే, అది దోసకాయైనా సరే, నేను అక్కడ నిలబడలేను.

తాడు దగ్గర కాపలాకు ఓబులేసనే గార్డును పెట్టారు. మెడలో ఈల, చేతిలో కర్ర. మంచివాడే. కాని తాడు అంటే అతనికి దేవుడు.

మొదటి పూట నేను సంగటి ముద్ద చేసి, చింతచిగురు పప్పు వేసుకుని తాడు దగ్గరకు పోతే ఓబులేసు ఈల వేశాడు.

"పెద్దమ్మా, సంరక్షిత జీవులకు బయటోళ్ళు మేత పెట్టకూడదు. బోర్డు చదువుకోండి."

చదివాను. అలాగే ఉంది. నేను బడికి పోలేదు. అంగడి పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. ఆ కాగితాలు ఏనాడూ నన్ను ఇంత దిగులు పెట్టలేదు.

"జీవి ఏందిరా, ఆమె కుప్పమ్మ. పొయ్యి ఈ పక్కనుండాది. ఆమె ఏం తినాల?"

"సహజంగా దొరికేది తినాలంట."

"మునగాకు నమలాల్నా నేను?" అని లోపల్నుంచి కుప్పమ్మ కేకేసింది. "ఒరే ఓబులేసూ, మీయమ్మకు నేను మంత్రసాని పని చేసినారా! నువ్వు బయటికొచ్చినప్పుడే మళ్ళీ లోపలికి తోసుండాల్సింది."

ఓబులేసు తల గోక్కున్నాడు. ఆఖరికి ఒక దారి చెప్పాడు. ముద్దను నేను తాడు కింద పెట్టి అటు తిరిగి నిలబడాలి. అతను ఇటు తిరిగి నిలబడతాడు. తర్వాత ఏమైందో ఇద్దరికీ తెలియదు. "గాలికి దొర్లిపోయిందని చెప్పుకుంటా" అన్నాడు. అప్పట్నుంచి మా వాకిట్లో రోజూ భోజనాల వేళకు గాలి వీచేది.

తిరగలి సంగతి ఇంకా చిక్కు. రాయి తాడు కిందే ఉంది. పిడి తిప్పితే సగం చుట్టు సంరక్షణలోనూ సగం చుట్టు విద్యలోనూ తిరుగుతుంది. ఓబులేసు పైకి అడిగాడు. సంఘం రెండుసార్లు కూర్చుని తీర్పు చెప్పింది. పిడి విద్యాభాగంలో ఉన్నంతసేపు విద్యాభాగం వారు తోయవలెను, సంరక్షణాభాగంలోకి ప్రవేశించగానే వదలవలెను, అక్కడినుంచి సంరక్షణాభాగం వారు తోయవలెను. మేము కాపురానికి వచ్చిన నాటినుంచీ అలాగే విసురుతున్నాం. అందులో తప్పు పట్టడానికి మాకేమీ దొరకలేదు.

కాని వారం తిరక్కుండానే, చూడకూడదనే నిబంధన సరిగ్గా అమలు కావడం లేదని, తిరగలి దగ్గర పిడి తిరిగేంత సందు మాత్రం వదిలి, తాడు వెంబడి తడిక కట్టారు. అప్పుడు నాకు కుప్పమ్మ చెయ్యి మాత్రమే కనబడేది, అది కూడా పిడి తిరిగినప్పుడు.

పిల్లలు రావడం మొదలైంది. టౌను నుంచి బస్సు నిండా పిలకాయలు, ముందు ఒక టీచరమ్మ. విద్యాభాగంలో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి విద్య చెప్పే బాధ్యత నాదే అని ఓబులేసు చెప్పాడు.

"అవ్వా, ఇక్కడ ఏం జంతువుంది?" అని ఒక పిల్ల అడిగింది.

అబద్ధం చెప్పడం నాకు రాదు. "మా తోటికోడలుండాది" అన్నాను.

"చూపించండి."

"చూడకూడదు తల్లీ."

టీచరమ్మ కల్పించుకుని, "చూడకుండా నేర్చుకోవడమే అసలైన పర్యావరణ విద్య, రాసుకోండి" అంది. పిల్లలు పుస్తకాలు తెరిచారు. "చెప్పండవ్వా. ఆహారం?"

"సంగటి. చింతచిగురంటే ప్రాణం. ఉప్పు జాస్తి తింటుంది, చెప్తే వినదు."

"నివాసం?"

"ఆ తూర్పు గది. వాన పడితే ఒక మూల కారుతుంది."

"అలవాట్లు?"

"మధ్యాహ్నం రవంతసేపు నిద్రపోతుంది. ఎవరూ నిద్రపోయినావని అనకూడదు, కళ్ళు మూసుకున్నానంటుంది. పక్కింటి కోడి లోపలికొస్తే చెప్పు విసురుతుంది. జ్వరమొస్తే ఎవరికీ చెప్పదు. మనమే కనిపెట్టాల."

"అరుపు ఎలా ఉంటుంది?"

దానికి నేను చెప్పనక్కర్లేకపోయింది. తడిక వెనకనుంచి, "ఓ దొరసానక్కా! నా మింద ఏమేమి ఎక్కిస్తాండావు ఆ పిలకాయలకి? నువ్వు గురక పెట్టేది చెప్పినావా?" అని వినబడింది. పిల్లలందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. టీచరమ్మ ఫోనులో ఆ అరుపు పట్టుకుంది.

చివర్లో, వెనక నిలబడ్డ ఒక చిన్న పిల్ల, "ఈ రకం ఇంకెన్ని ఉన్నాయవ్వా?" అంది.

"ఒకటే తల్లీ."

"ప్రపంచం మొత్తంలోనా?"

నేను ఆలోచించాను. "మొత్తంలో" అన్నాను.

ఆ పిల్ల ఏడుపు అందుకుంది. నేను పోయి గోలెం గట్టున కూర్చున్నాను. ఇన్నేళ్ళు కుప్పమ్మతో కలిసి ఉండి, ఆ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు.

ఇంతలో మా కేంద్రానికి మంచి పేరొచ్చింది. సంరక్షణకు ఎన్ని మార్కులో విద్యకూ అన్నే మార్కులు వచ్చిన కేంద్రం ఇదొక్కటేనట. ఒక సాయంత్రం మసక వేళ, ఎక్కడినుంచి ఎట్లా వచ్చిందో గాని, నిజం దేవాంగపిల్లి ఒకటి మునగచెట్టు మీదకు వచ్చింది. ఓబులేసు ఈల వేస్తూ పరుగెత్తాడు. "పో! పో! అనుమతి లేదు. ఇది సంరక్షిత ప్రాంతం!" అది ఒక అడుగు వేసింది. ఆ అడుగు గురించి ఆలోచించింది. ఇంకో అడుగు వేసింది. అది చెట్టు దిగి కంచె దాటేసరికి ఓబులేసు ఈల ఊదే ఊపిరి లేక అరుగు మీద పడిపోయాడు.

"పాపం, దానికి మంచినీళ్ళు ఇచ్చి పంపాల్సింది" అంది కుప్పమ్మ తడిక వెనకనుంచి.

మరుసటి వారం పరాంకుశం గారు పూలదండతో వచ్చారు. తాడుకు దండ వేశారు.

"అమ్మా, మీ కేంద్రం సాధించిన విజయం పై వారి దృష్టికి తీసుకువెళ్ళబడినది. అయితే ఒక ఆందోళనకర అంశం బయటపడినది. సంరక్షణాభాగంలోని జీవుల సంఖ్య ఒకటి మాత్రమే. ఇది అంతరించే స్థితి. కావున ఆ జీవిని తక్షణమే మరింత అనువైన ఆవాసానికి, అనగా ఎద్దులకొండకు తరలించాలని నిర్ణయించడమైనది."

"కొండకా?" అన్నాను. ఆయన తాడు మీద దండ సర్దుతున్నారు. మళ్ళీ అన్నాను.

"పై భాగాన పాత వాచర్ల గది ఉంది. నిశ్శబ్దం. పరిశుభ్రమైన గాలి. మీరు భయపడనక్కర్లేదు, సమతుల్యం చెడనివ్వం. ఆమెను తూర్పుకు ఎంత దూరం తీసుకుపోతామో మిమ్మల్ని పడమరకు సరిగ్గా అంత దూరం తీసుకుపోతాం. టౌనులో విద్యాశాఖ వారి హాలులో మీకు కుర్చీ వేస్తారు. మీరు ఆమె గురించి చెబుతూనే ఉండవచ్చు. మీ మధ్య దూరం ఎంత పెరిగినా కేంద్రబిందువు మాత్రం అంగుళం కదలదు."

ఆయన దీన్ని శుభవార్త లాగా చెప్పారు. గురువారం రెండు జీపులు వస్తాయన్నారు.

ఆయన పోయాక నేను తడికకు ఆనుకుని కూర్చున్నాను. అవతల కుప్పమ్మ కూడా ఆనుకుని కూర్చున్నట్టుంది, తడిక నా వీపుకు వెచ్చగా తగిలింది.

"అక్కా, ఏడస్తాండావా?"

"లేదు మే."

"ఏడస్తాండావులే. తడిక అదురుతా ఉండాది. నేను పోను. చీపురుకట్ట ఉండాది నా దగ్గర."

"చీపురుకు పోతారా వాళ్ళు? ఇంకా సంరక్షిస్తారు."

పోయిన వాళ్ళలో ఎవరూ 'ఇక రాను' అని చెప్పి పోలేదు. అందరికీ పోవడానికి ఏదో ఒక కారణం ఉండింది. ఈ సారి కారణం మరీ మంచిది, ప్రకృతి కోసం. అది తలుచుకుంటే నాకు ఇంకా భయమేసింది.

గురువారం తెల్లవారింది. ఓబులేసు తాడుకు ముడులు సరిచూసుకుంటున్నాడు. నేను దగ్గరకు పోయి అడిగాను. "నాయినా, ఆ పక్కనుంటే సంరక్షణ. ఈ పక్కనుంటే విద్య. తాడు మింద ఉంటే ఏంది?"

అతను ముడి వదిలేసి తాడును వేలితో మీటి చూశాడు. "తాడు మింద ఉంటే... ఏమీ కాదు పెద్దమ్మా. తాడు ఊరక తాడే."

"ఏమీ కానోళ్ళను జీపెక్కిస్తారా?"

"ఎట్ల ఎక్కిస్తారు? ఏ జీపని ఎక్కిస్తారు?"

నేను తడిక లాగేశాను. ఓబులేసు ఈల నోట్లో పెట్టుకున్నాడు గాని ఊదలేదు. ఎవరు ఏ పక్కకు పోతున్నారో తేల్చుకోవడానికి చూస్తున్నాడు. మేము ఏ పక్కకూ పోలేదు. తిరగలికి ఉత్తరాన తాడు మీద నేను కూర్చున్నాను, దక్షిణాన తాడు మీద కుప్పమ్మ కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖం చూశాను. చిక్కింది. నేను చిక్కానని ఆమె నన్ను తిట్టింది.

జీపులు వచ్చాయి. పరాంకుశం గారు దిగి మమ్మల్ని చూసి నిలబడిపోయారు.

"ఇందులో సంరక్షణ ఎవరు? విద్య ఎవరు?"

"మీరే చెప్పాల" అంది కుప్పమ్మ.

"అమ్మా, మీరు రేఖ మీద కూర్చోవడానికి వీల్లేదు. రేఖకు పొడవు మాత్రమే ఉంటుంది. వెడల్పు ఉండదు."

"రేఖకు లేకుంటే మాకుండాది సారూ, నడుములు" అంది కుప్పమ్మ. "ఆ పక్కకు లాగితే ఈ పక్కది తగ్గిపోతాది. ఈ పక్కకు లాగితే ఆ పక్కది తగ్గిపోతాది. మీ సమతుల్యం పాడైపోతే నన్ను అనొద్దు."

ఆయన ముఖం తెల్లబోయింది. అది నిజమే. ఒక్క వేలు అటు జరిపినా తప్పు, ఇటు జరిపినా తప్పు. ఆయన ఫోను తీసుకుని గోలెం వెనక్కు పోయి చాలాసేపు మాట్లాడారు. మధ్యలో "వెడల్పు సార్, వెడల్పు" అని రెండుసార్లు గట్టిగా అన్నారు. తిరిగొచ్చి గొంతు సవరించుకున్నారు.

"ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా రేఖకు వెడల్పు మంజూరు చేయడమైనది. మీ ఇద్దరూ పట్టేంత."

ఆ పూటకు ఓబులేసు రెండు తాళ్ళు కట్టాడు, ఒకటి మాకు తూర్పు పక్కన, ఒకటి పడమటి పక్కన. జీపులు ఖాళీగా నిలబడ్డాయి.

"సారూ, పొయ్యి?" అన్నాను నేను. "రేఖ మింద ఉండేవాళ్ళు ఆకలితో ఉండాల్నా?"

ఆయన మళ్ళీ ఫోను చేశారు. పొయ్యి దాకా రేఖను పడమరకు పెంచారు. పడమరకు పెంచితే తూర్పుకూ అంతే పెంచాలి కదా, కుప్పమ్మ గది సగం రేఖలోకి వచ్చింది. కుప్పమ్మకు సగం గది దేనికి? పూర్తి గది ఇచ్చారు. అప్పుడు పడమర నా గది పూర్తిగా వచ్చింది. నా గదికి తలుపు వీధిలోకి, వీధి వచ్చింది. తూర్పున దానికి సమానంగా మునగచెట్టూ వెనక సందూ వచ్చాయి. పొద్దెక్కేసరికి మా ఇల్లు మొత్తం రేఖ. సంరక్షణాభాగం పోయి సర్పంచ్ రెడ్డెప్ప పశువుల కొట్టంలో పడింది. విద్యాభాగం పోయి రేషన్ అంగట్లో పడింది.

రెడ్డెప్ప పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "సార్, నా ఎనుముల దగ్గరికి నన్నే పోనీడం లేదు ఈ ఓబులేసు! పాలు పితకాల సార్! నన్ను కూడా గీతలో కలపండి!"

కలిపారు. కలిపితే పడమర రేషన్ అంగడి కలిసింది. అంగడి అవతలవాళ్ళు మమ్మల్నీ కలపమన్నారు. తూర్పు వీధివాళ్ళు మేమేం పాపం చేశామన్నారు. పరాంకుశం గారు ఫోను దింపకుండా, ఓబులేసు తాడు దింపకుండా, ఊరంతా తిరిగారు. తాడు అయిపోతే పగ్గాలు ముడేశారు, పగ్గాలు అయిపోతే చీరలు. మధ్యాహ్నానికి ఊరు దాటారు. శనగచేలు దాటారు. సాయంత్రానికి రేఖకు తూర్పు అంచు ఎద్దులకొండ అడుగున ఆగింది, పడమటి అంచు టౌను మొదట్లో బడి గోడ దగ్గర ఆగింది. కొండ మీద దేవాంగపిల్లులు సంరక్షణలో ఉన్నాయి. బడిలో పిల్లలు విద్యలో ఉన్నారు. మధ్యలో ఉన్నదంతా రేఖ.

పరాంకుశం గారు పటం మీద అది గీసుకుని చూసి మురిసిపోయారు. "ఇంత కచ్చితమైన సమతుల్యం చరిత్రలో లేదు" అన్నారు. పటాన్ని పైకెత్తి పట్టుకున్నారు. "రాష్ట్రంలోనే అతి వెడల్పయిన రేఖ!"

ఊరంతా మా వాకిట్లో చేరింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఒక్క షరతు. ఈ వెడల్పు మంజూరైనది ఈ ఇద్దరు నివాసుల నిమిత్తం. కావున ఇద్దరూ జీవించి ఉన్నంతవరకు మాత్రమే చెల్లును. ఇరువురిలో ఒకరు లేని యెడల రేఖ తిరిగి తాడంత అగును."

చప్పట్లు ఆగిపోయాయి. వానాకాలం ముందు పాత దూలం వైపు చూసినట్టు ఊరు ఊరంతా మా ఇద్దరి వైపు చూసింది.

"ఇద్దరం ఉండేంతవరకేనంట" అంది కుప్పమ్మ నాతో. "అది చెప్పేదానికి ఈయప్ప జీపేసుకుని రావాల్నా అక్కా?"

నాకు నవ్వు రాలేదు. "నేను పెద్దదాన్ని. ముందు నేను పోతా" అన్నాను.

"ఆహా! నువ్వు సుఖంగా పోయి, నన్ను తాడుకు ఆ పక్క పారేస్తావా? నేనే ముందు పోతా."

"పోతే కాళ్ళు విరగ్గొడతా."

"ఎట్ల విరగ్గొడతావు, పోయినాక?"

మా గొంతులు పెరిగాయి. రెడ్డెప్ప మధ్యలోకి వచ్చి రెండు చేతులూ జోడించాడు. "పెద్దమ్మా, చిన్నమ్మా, మీకు దండం పెడతా. ఎవురూ పోవద్దు. నా ఎనుముల మీద ఒట్టు."

అక్కడికక్కడే పంచాయతీ కూర్చుంది. మా ఇద్దరిలో ఎవరూ చావకూడదని ఏకగ్రీవంగా తీర్మానించింది. పరాంకుశం గారు సాక్షి సంతకం చేశారు. కుప్పమ్మ వేలిముద్ర వేసింది. నేను ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుని ఆ కాగితం పైనుంచి కింది దాకా చదివి, దొరసానమ్మ అని సంతకం పెట్టాను.

ఈ తాడు కట్టిన నాటినుంచీ ఎన్నో ప్రభుత్వ కాగితాలు చదివాను. నిజమైతే బాగుండునని అనుకున్నది అదొక్కటే.